కలకత్తా మైదానంలో మన బడే మియా

ఈ సంచికకు చదువు గురించి ఏదైనా రాసివ్వమని సంఘం పెద్దలు అడిగినప్పుడు స్కాలర్‌షిప్పుల గురించో, పదో తరగతి తర్వాత ఏం చదవాలన్నదాని గురించో రాద్దామనే అనుకున్నాం. కాగితం ముందు కూర్చున్నాక మాత్రం మా తొమ్మిదో తరగతిలోని ఒక పిల్లవాడి చొక్కా గుర్తుకొచ్చి, రాత అటు మళ్ళింది. పెద్దలు మన్నించాలి.

ఆ చొక్కా నీలం రంగు ఫుట్‌బాల్ జెర్సీ. హైదరాబాదులో బేల్దారి పనికి పోయిన వాళ్ళ అన్న పండక్కి వస్తూ చార్మినార్ దగ్గర కొని తెచ్చాడట. వెనక 'ద్రోగ్బా' అని రాసి ఉంది. ఎవరురా ఈయన అని అడిగితే పిల్లవాడు ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్ దేశస్తుడు, స్ట్రైకర్, ఇంగ్లండులో చెల్సీ క్లబ్బుకు ఆడాడు, 2012లో యూరప్ కప్పు ఫైనల్‌లో ఆట అయిపోవస్తుండగా తలతో గోల్ కొట్టి జట్టును నిలబెట్టాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. మా సాంఘిక శాస్త్రం పరీక్షలో ఐవరీ కోస్ట్ ఏ ఖండంలో ఉందంటే సగం తరగతి రాయలేదు. వీడు మాత్రం పటం మీద వేలు పెట్టి చూపించాడు.

మంచిదే. అయితే మన వైపు అటువంటి స్ట్రైకర్ ఎవరైనా ఉన్నాడా అని అడిగాం. లేడు సార్ అన్నాడు. మేము కూడా చప్పున పేరు చెప్పలేకపోయాం. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాళ్ళం, ఆ రోజు ఇంటికి పోయి పాత పత్రికలు తిరగేశాం. దొరికిన పేరు మహమ్మద్ హబీబ్. హైదరాబాదు మనిషి. పీలేతో ఒకే మైదానంలో ఆడి, ఆ ఆటలో గోల్ కొట్టినవాడు. ఆయన కన్నుమూసి ఎంతో కాలం కాలేదు. 2023 ఆగస్టు 15న, ఊరూరా జెండా ఎగరేసి పిల్లలకు మిఠాయిలు పంచుతున్న రోజున, హైదరాబాదులో పోయారు. ఆ రోజు మా బడిలోనూ జెండా ఎగరేశాం. ఆయన సంగతి మాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

మన వైపు ఫుట్‌బాల్ తక్కువ. వెలిగండ్లలో గానీ, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు గానీ సాయంత్రమైతే వాలీబాల్ వల కడతారు, లేదా క్రికెట్. కబడ్డీ సరేసరి. గరుసు నేల, మధ్యలో పల్లేరు కాయలు, వట్టి కాళ్ళతో బంతి తన్నేవాడికి ఆ బాధ తెలుసు. కాబట్టి స్ట్రైకర్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. కబడ్డీలో కూతకు వెళ్ళేవాడు ఎలాగో ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ అలాగ. అవతలివాళ్ళ మధ్యకు పోయి, తనను పట్టుకోవడానికి కాచుకుని ఉన్న నలుగురిని తప్పించుకుని, పని చేసుకురావాలి. తేడా ఏమిటంటే కూతకు వెళ్ళినవాడు తిరిగి వస్తే చాలు. స్ట్రైకర్ గోల్ కొట్టకపోతే ఎంత పరుగెత్తినా లెక్కలోకి రాదు. హబీబ్ గొప్పతనం ఇక్కడే ఉందని ఆయనతో ఆడినవాళ్ళు చెబుతారు. ముందు వరుసలో ఆడుతూ కూడా వెనక్కు వచ్చి, అవతలివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కుని, మళ్ళీ తానే ముందుకు పోయేవాడు. మనిషి పొడగరి కాడు, కండలు తిరిగిన దేహమూ కాదు. పట్టుదల మాత్రం అంతటిది.

ఆయన సంగతిలోకి పోయే ముందు హైదరాబాదులో ఫుట్‌బాల్ ఎట్లా పెరిగిందో చెప్పాలి. ఎందుకంటే దాని వెనుక ఉన్నది మా వృత్తి మనిషి, ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో డిగ్రీ చేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పనిచేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు గెలిచింది. భారత జట్టును 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా నడిపింది ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. ఫుట్‌బాల్‌లో అంత పైకి మన దేశం మళ్ళీ పోలేదు.

రహీం సాబ్ పద్ధతి గురించి చదివినప్పుడు మాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. పిల్లలకు చిన్న చిన్న పోటీలు పెట్టేవారట. ఒక పోటీలో బంతిని దొర్లించుకుంటూ పోవడం నిషేధం, అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఎడమ కాలు సరిగా రానివాడిని తిట్టకుండా, ఎడమ కాలితో తప్ప గెలవలేని ఆట పెట్టడం. బి.ఇడి.లో మాకు ఏడాది పాటు నేర్పిన బోధనా పద్ధతుల సారమంతా ఇందులో ఉందంటే అతిశయోక్తి కాదు. ఆయన 1963 జూన్‌లో కేన్సర్‌తో పోయారు. 1962 జకార్తా ఫైనల్ నాటికే ఆ జబ్బు ఉంది. ఈయన జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది, పెద్దలు కొందరు చూసే ఉంటారు.

రహీం సాబ్ పోయేనాటికి హబీబ్‌కు పద్నాలుగేళ్ళు నిండలేదు. 1949 జూలైలో పుట్టినవాడు. ఆయన ఇంట్లో అన్నదమ్ములు చాలామంది ఫుట్‌బాల్ ఆడినవారే. రహీం సాబ్ చేతి కింద ఆడే అదృష్టం లేకపోయినా, ఆయన తీర్చిన ఊరి గాలి పీల్చి పెరిగాడు. తుళసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ వంటివాళ్ళు జకార్తా నుంచి బంగారం తెస్తే చూసిన తరం అది. వీధిలో ఆడే పిల్లవాడికి, దేశానికి ఆడే మనిషి పక్క బస్తీలోనే కనిపించేవాడు. మా పిల్లవాడికి ద్రోగ్బా టీవీలోనే కనిపిస్తాడు. తేడా అదే.

1966లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. సంతోష్ ట్రోఫీ అంటే రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ పోటీ. అంతకుముందు హైదరాబాద్ పేరుతో రెండుసార్లు గెలిచాం గానీ, ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచింది అదొక్కసారే. ఆ జట్టులో హబీబ్ ఉన్నాడు. ఓడిపోయిన బెంగాల్ వాళ్ళు ఊరుకోలేదు. తమను ఓడించినవాణ్ణే తమ దగ్గరికి రప్పించుకున్నారు. అదే ఏడాది ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయనను కలకత్తా తీసుకుపోయింది. పదిహేడేళ్ళ కుర్రవాడు, భాష రాదు, తిండి వేరు, వాన వేరు. మన పిల్లలు పదో తరగతి కాగానే హైదరాబాదుకో బెంగళూరుకో హోటలు పనికి బస్సెక్కే వయసు అది. మా చేతుల మీదుగా అట్లా వెళ్ళినవాళ్ళు ఎంతమందో. కాబట్టి ఆ మొదటి ఏడాది ఎట్లా గడిచి ఉంటుందో మేము ఊహించగలం.

కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులు. మోహన్ బగాన్, 1911లో వట్టి కాళ్ళతో ఆడి తెల్లవాళ్ళ జట్టును ఓడించి షీల్డు గెలిచినది. మహమ్మడన్ స్పోర్టింగ్, 1934 నుంచి 1938 వరకు వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగు గెలిచినది. దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళను ఏరి తెచ్చుకున్న క్లబ్బు అది. మూడోది ఈస్ట్ బెంగాల్, తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారు తమదిగా చెప్పుకునేది. ఈ మూడింటి మధ్య పోటీ మన ఊళ్ళలో ఎన్నికల కంటే ఎక్కువ. ఒక క్లబ్బువాడు మరొక క్లబ్బుకు పోతే ఆ వీధిలో పొయ్యి వెలిగేది కాదంటారు. ఏటా ఆటగాళ్ళు క్లబ్బు మారే రోజుల్లో, సంతకం అయ్యేదాకా అవతలివాళ్ళ కంటపడకుండా దాచి ఉంచేవారు కూడా.

అటువంటి చోట హబీబ్ మూడు క్లబ్బులకూ ఆడాడు. ఒకసారి కాదు, అటూ ఇటూ మారి దాదాపు పద్దెనిమిదేళ్ళు. 1966లో ఈస్ట్ బెంగాల్, 1968లో మోహన్ బగాన్, 1970లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్, 1975లో మహమ్మడన్, ఆ మరుసటేడు మోహన్ బగాన్, ఇట్లా 1984 వరకు. ఏ క్లబ్బువాళ్ళూ ఆయనను ద్రోహి అనలేదు. ఆడినన్నాళ్ళూ ఆ చొక్కాకు పూర్తిగా ఆడతాడని అందరికీ నమ్మకం. అందుకే కలకత్తా జనం ఆయనను 'బడే మియా' అన్నారు. ఆయన తమ్ముడు మహమ్మద్ అక్బర్ 'ఛోటే మియా'. ఈ ఛోటే మియా 1976లో మోహన్ బగాన్‌కు ఆడుతూ, ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. టీ గ్లాసు చేతికందేలోపు అయిపోయిందన్నమాట.

1969లో హబీబ్ బెంగాల్ రాష్ట్రం తరఫున సంతోష్ ట్రోఫీ గెలిచాడు. ఆ పోటీలో అందరికంటే ఎక్కువగా 11 గోల్స్ ఆయనవే. మూడేళ్ళ కింద ఎవరిని ఓడించాడో వాళ్ళకే కప్పు తెచ్చిపెట్టాడు. 1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ జట్టులో హబీబ్ ఉన్నాడు, కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే. ఆసియా క్రీడల్లో పురుషుల ఫుట్‌బాల్ పతకం మనకు ఆ తర్వాత ఇంతవరకు రాలేదు. యాభై ఏళ్ళు దాటింది.

ఇక పీలే సంగతి. దీన్ని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేదు. 1977 సెప్టెంబరు 24, కలకత్తా ఈడెన్ గార్డెన్స్. క్రికెట్ మైదానమే, ఫుట్‌బాల్‌కు సిద్ధం చేశారు. మూడు ప్రపంచ కప్పులు గెలిచిన బ్రెజిల్ పీలే అప్పుడు అమెరికాలో న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బుకు ఆడుతున్నాడు, వారం రోజుల్లో ఆట మానేయబోతున్నాడు. ఆ క్లబ్బు కలకత్తా వచ్చి మోహన్ బగాన్‌తో ఆడింది. ముందు వానలు పడి మైదానం బురద. కాస్మోస్‌లో 1970 ప్రపంచ కప్పు గెలిచిన బ్రెజిల్ కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో ఉన్నాడు, ఇటలీ స్ట్రైకర్ కినాలియా ఉన్నాడు. మోహన్ బగాన్ శిక్షకుడు పి.కె. బెనర్జీ.

మొదటి గోల్ కార్లోస్ అల్బెర్టో కొట్టాడు. ఆ వెంటనే శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత హబీబ్ గోల్ కొట్టి మోహన్ బగాన్‌ను 2-1తో ముందుకు తెచ్చాడు. ఒక్కసారి ఆలోచించండి. హైదరాబాదు బస్తీలో పెరిగిన మనిషి, బురదలో, పీలే చూస్తుండగా, ప్రపంచంలో పేరున్న జట్టు మీద ఆధిక్యం తెచ్చాడు. చివర్లో పెనాల్టీ ఇచ్చారు, కినాలియా కొట్టాడు, ఆట 2-2గా ముగిసింది. ఆ పెనాల్టీ ఇవ్వవలసింది కాదని కలకత్తాలో ఇప్పటికీ వాదించేవారు ఉన్నారు. ఆ ఏడే మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఏ. షీల్డు, రోవర్స్, డ్యురాండ్ కప్పులు మూడూ గెలిచింది. 1980లో హబీబ్‌కు అర్జున అవార్డు వచ్చింది.

ఈ కథ వినగానే మా పిల్లవాడు అడిగిన ప్రశ్న వేరు. "ఆయనకు జీతమెంత సార్?"

సరైన ప్రశ్నే. పేదింటి పిల్లవాడు ముందు అడిగేది అదే. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకు క్లబ్బు డబ్బు నమ్మకమైనది కాదు. అందుకని పేరున్న ప్రతివాడూ రైల్వేలోనో, కస్టమ్స్‌లోనో, బ్యాంకులోనో ఉద్యోగంలో చేరేవాడు. పొద్దున ప్రాక్టీసు, తర్వాత ఆఫీసులో సంతకం, మోకాలు విరిగినా నెల జీతం, రిటైరయ్యాక పెన్షను. హబీబ్‌కూ ఉద్యోగాలు ఇస్తామన్నారు. ఆయన వద్దన్నాడు. ఫుట్‌బాలే నా పని అన్నట్టు బతికాడు. మన దేశంలో మొదటి నిజమైన ప్రొఫెషనల్ ఆటగాడు హబీబ్ అని పత్రికలవాళ్ళు రాసేది ఇందుకే. తర్వాతి కాలంలో జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, బెంగాల్‌లోని హల్దియా అకాడమీలో పిల్లలకు నేర్పాడు.

ఉద్యోగం వద్దనడం తెలివైన పనేనా? మేము ఉపాధ్యాయులం, నెల జీతం మీద బతికేవాళ్ళం. మాకు ఆ ధైర్యం లేదు. మా పిల్లలకు ఆ సలహా ఇవ్వం కూడా. ఆఖరి ఏళ్ళలో ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు, మతిమరుపు జబ్బు పట్టుకున్నాయి. చేతులు వణికించే జబ్బు ఒకటి, జ్ఞాపకాలను తుడిచేసే జబ్బు ఇంకొకటి. లక్షమంది కేకలు విన్న మనిషి, ఆ కేకలు ఎందుకో గుర్తులేని స్థితికి వచ్చాడు. అదే 2023లో ఫిబ్రవరిలో సికిందరాబాదు బలరాం కూడా పోయారు. ఆయనదీ వేరే కథ. ఊపిరితిత్తుల జబ్బు వల్ల చిన్న వయసులోనే ఆట మానేయవలసి వచ్చింది. ఆట నడిచే వయసు ఎంత చిన్నదో, ఆ తర్వాత మిగిలే బతుకు ఎంత పొడవో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

హబీబ్ మానేసిన మరుసటేడు, 1985లో, నైజీరియా నుంచి చిమా ఒకోరీ అనే స్ట్రైకర్ మహమ్మడన్ స్పోర్టింగ్‌లో చేరాడు. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు, మోహన్ బగాన్‌కు కూడా ఆడాడు. హబీబ్ నడిచిన దారే. ఆఫ్రికా ఆటగాళ్ళు ఆ తర్వాత వరసగా వచ్చారు. ఇది చెప్పగానే మా పిల్లవాడి కళ్ళు మెరిశాయి. వాడి ద్రోగ్బాకూ మన హబీబ్‌కూ మధ్య ఒక వంతెన దొరికింది మరి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద, వేరే ఊళ్ళో పనిచేసినప్పుడు, మా తరగతిలో ఒక కుర్రవాడు బంతి తన్నడంలో నేర్పరి. చదువులో అంతంతమాత్రం. జిల్లా ఎంపికలకు పంపమని వ్యాయామం మాస్టారు అడిగితే, అప్పుడే యూనిట్ పరీక్షలని మేము వద్దన్నాం. వాడు పరీక్ష రాశాడు, ఎట్లాగూ తప్పాడు. పదో తరగతి కూడా దాటలేదు. తర్వాత హైదరాబాదులో హోటల్లో కనిపించాడు, ప్లేట్లు తీస్తూ. గుర్తుపట్టి, "బాగున్నారా సార్, టీ తాగండి" అని మా దగ్గర డబ్బు తీసుకోలేదు. ఆ రోజు ఆడనిచ్చి ఉంటే హబీబ్ అయ్యేవాడని మేము అనడం లేదు. ఒక పరీక్ష కోసం ఆపాం, ఆ పరీక్ష వాడికి ఏమీ ఇవ్వలేదు, అంతే.

అందుకని ఈసారి జెర్సీ పిల్లవాడి ఇంటికి మేమే వెళ్ళాం. వాళ్ళ నాన్న చికెన్ కొట్టు మూసి చేతులు కడుక్కుంటున్నాడు. విషయం చెబితే నవ్వాడు.

"ఆటతో కూడొచ్చిద్దా మాస్టర్ సాబ్?"

"రాకపోవచ్చు భాయ్. స్పోర్ట్సు కోటా అని ఒకటుంది. కాలేజీ సీటుకో, రైల్వే, పోలీసు ఉద్యోగానికో పనికి రావచ్చు. అదీ జిల్లా, రాష్ట్రం దాటి ఆడితేనే."

"మరి చదువు?"

"చదువు మానిపించం. ఆ పూచీ మాది."

ఆయన సేపు ఆలోచించి, బూట్లు ఎంతవుతాయని అడిగాడు. మేము చెప్పాం. ఆ అంకె విని మళ్ళీ ఆలోచనలో పడ్డాడు. ఆ రోజు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నేల మీద మేకులు పట్టే బూట్లు, మోకాలి కింద కట్టే పట్టీలు, ఒంగోలుకు రానుపోను ఛార్జీలు, రెండు పూటలా భోజనం. మన వైపు పిల్లవాడు ఆటలో మొదటి మెట్టు దగ్గర ఆగిపోయేది సాధారణంగా ఈ నాలుగింటి దగ్గరే. పాటవం దగ్గర ఆగేవాళ్ళు తక్కువ.

బూట్ల సంగతి ఎట్లాగో గడిచింది. స్కూల్ గేమ్స్ ఎంపికలకు పిల్లవాడిని వ్యాయామం మాస్టారు తీసుకెళ్ళారు. ఎంపిక కాలేదు. ఒంగోలు పిల్లలు గడ్డి మైదానంలో ఆడి అలవాటైనవాళ్ళు, వీడు గరుసు నేలలో నేర్చినవాడు, బంతి అనుకున్నదాని కంటే వేగంగా జారిపోయిందట. తిరిగొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు గోడకు బంతి కొట్టుకుంటూ కనిపించాడు. ఎడమ కాలితో.

రహీం సాబ్ పద్ధతి మేము తరగతిలో చెప్పింది వాడు విన్నాడన్నమాట.

ఈ ఏడు ఎంపికలు ఎప్పుడు, ఎక్కడ అని మొన్న వాళ్ళ నాన్నే ఫోన్ చేసి అడిగాడు. తేదీ ఇంకా రాలేదని, రాగానే చెబుతామని అన్నాం.